ఊలు ఒకటే, కంపెనీ వేరు

ఆ ఆదివారం ఉదయం చిన్నకోడలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఊలు కొట్టుకు వెళ్లాలి, రెండు ఉండలు కొనాలి, స్వెట్టరుకు మిగిలిపోయిన ఎడమచెయ్యి వారంలోగా అల్లేయాలి. శనివారం అత్తగారి పిండికట్టు విప్పుతారు. ఆదివారం అందరూ భోజనానికి చేరినప్పుడు స్వెట్టరు ఆవిడ ఒడిలో పెట్టాలి. అంతే.

కట్టు సంగతి ముందు చెప్పాలి. కొన్నాళ్ల కిందట అత్తగారు పెరటి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడు ఆవిడ చేతిలో అల్లిక బుట్ట ఉంది. ఎడమచెయ్యి ఒక్కటే మిగిలిన స్వెట్టరు సూదులతో సహా బుట్టలోనే ఆగిపోయింది గానీ, మిగిలిన రెండు ఊలు ఉండలూ ఒక్కో మెట్టే దిగి, గోడవారగా దొర్లి, మురుగుకాలవలో పడ్డాయి. ఆస్పత్రికి తీసుకెళుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి గురించి ఒక్క మాట అనలేదు. ఉండల గురించే అడిగింది.

తిరిగొచ్చాక చిన్నకోడలిని పిలిచి బుట్ట ఆమె చేతికిచ్చింది. "ఇంట్లో సూదులు పట్టడం వచ్చింది నీకొక్కదానికే అమ్మాయ్. డాక్టరు మాటలు చూస్తే నా చేతికి ఇక ఈ పని లొంగేట్టు లేదు. ఇదే ఆఖరిదనుకో. ఆ కంపెనీ ఊలు ఇప్పుడు రావడం లేదట, దాని బదులు ఏదైనా చూసి కొను. ముందు చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరాక చూసి, అప్పుడు మొదలెట్టు."

"ఎవరికత్తయ్యా ఇది?"

"అయ్యాక తెలుస్తుంది."

ఆవిడ పద్ధతే అది. ఎవరికోసం అల్లుతోందో చెప్పదు, టేపు ముట్టుకోదు. మనిషి గుమ్మం దాటి వచ్చి కుర్చీలో కూర్చునేలోపు భుజాలు, చేతులు, పొట్ట కంటితోనే కొలిచేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క కొలత తప్పలేదని ఆవిడకు గట్టి గర్వం. ఆ గర్వంలో అబద్ధం కూడా లేదు. మామగారికి మూడు స్వెట్టర్లున్నాయి, కొడుకులిద్దరికీ ఉన్నాయి, పెద్దకోడలికి రెండున్నాయి. పక్కింటివాళ్ల ముసలికుక్కకు కూడా ఒకటుంది, మెడ దగ్గర నుంచి తోక దాకా అతికినట్టు సరిపోయింది. పెళ్లయి ఆరేళ్లయినా చిన్నకోడలికి మాత్రం ఒక్కటీ లేదు.

ఆమె ఎన్నడూ అడగలేదు. చలికాలం పొద్దున్నే పనికి బయల్దేరేటప్పుడు ఆ కుక్క స్వెట్టరు వేసుకొని గేటు దగ్గర తోక ఊపుతుంటే, తల తిప్పుకొని వెళ్లిపోయేది. కుక్కను చూసి అసూయపడ్డానని ఎవరితో చెప్పుకుంటుంది? ఇప్పుడీ స్వెట్టరు మబ్బురంగుది. మబ్బురంగంటే పెద్దకోడలికి ప్రాణం. కాబట్టి ఇది ఎవరికో ఆమె ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. మనసు చివుక్కుమంది. అయినా, ఆఖరి పనిని అత్తగారు తన చేతిలో పెట్టింది. దాన్ని మచ్చలేకుండా పూర్తిచేసి చూపించాలనుకుంది. స్వెట్టరు దక్కకపోతే పోయింది, మంచి మాటైనా దక్కుతుందని ఆశ.

చిన్నకోడలికి మందులషాపులో ఉద్యోగం. తెల్లకోటు వేసుకొని పొద్దస్తమానం ఆమె చెప్పే మాట ఒకటే. రాసిన మందు లేదంటే జనం కంగారుపడతారు. అప్పుడామె ఇంకో డబ్బా తీసి, దాని మీద అక్షరాల్ని వేలితో చూపించి, "మందు ఒకటేనండీ, కంపెనీ వేరు" అంటుంది. ఆ మాట ఎన్నడూ తప్పు కాలేదు. ఎంత కరెక్టయిన మాటైనా దాని షాపులో అది ఉండాలి. ఆమె దాన్ని ఊలు కొట్టుకు వెంటబెట్టుకెళ్లింది.

కొట్టతను మొన్నమొన్నటిదాకా బూట్లు అమ్మినవాడు. ఊలు గురించి అతనికి తెలిసింది అది మెత్తగా ఉంటుందన్నదొక్కటే. చిన్నకోడలు పాత ఉండ మీది కాగితాన్నీ కొత్త ఉండ మీది కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ నూటికి నూరుపాళ్లు ఊలే. బరువు ఒకటే, దారం పొడుగు ఒకటే. గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూసింది, రంగు ఒకటే. కొత్తదాని మీద ఒక మూల నీళ్లతొట్టి బొమ్మ ఉంది, మిషన్లో వేసి ఉతకొచ్చని దాని అర్థం. పాతదాని మీద ఆ బొమ్మ లేదు. అయితే ఇది ఇంకా మంచిదేనన్నమాట అనుకుంది. కొట్టతను కూడా అంతేనన్నాడు. తమకు తెలియని విషయం మీద ఇద్దరు మనుషులు అంత తొందరగా ఏకీభవించడం అరుదు.

ఇంటికొచ్చి అత్తగారు చెప్పినట్టే అరచేయంత ముక్క అల్లింది. స్వెట్టరు పక్కన పెట్టి చూస్తే అల్లిక కన్నుకు కన్ను సరిపోయింది. ఇక దాన్ని ఉతకడం, ఆరబెట్టడం మిగిలాయి. బిళ్ల మింగే ముందు కడిగి చూస్తామా అనుకొని, ఆ రెండూ మానేసి పనిలోకి దిగింది.

చెయ్యి సగానికొచ్చేసరికి ఆమెకు ఒక అనుమానం వచ్చింది. పెద్దకోడలు బళ్లో ఆటల టీచరు. మనిషి నిట్రాట లాంటిది, చేతులు చాస్తే వాలీబాలు వల దాటి అవతలికి పోతాయి. అత్తగారు అల్లిన కుడిచెయ్యి చూస్తే పొట్టిగా ఉంది. సంగతి తేల్చుకుందామని బుధవారం సాయంత్రం తోడికోడలి ఇంటికి వెళ్లి, ఆమె టీ పెడుతుండగా కుర్చీకి వేలాడుతున్న కోటు చెయ్యిని జానతో కొలిచింది. అనుమానం నిజమే. స్వెట్టరు చెయ్యి నాలుగు వేళ్లు తక్కువ.

ఇంటికి వస్తూ ఆమె చాలా బాధపడింది. అత్తగారి కన్ను తప్పింది, పాపం, పెద్దవయసు. ఆ బాధలో ఎక్కడో ఒక మూల కొంచెం సంతోషం కూడా ఉందని ఆమె ఒప్పుకునేది కాదు. ఎవరికీ తెలియకుండా తానే సరిదిద్దాలనుకుంది. ఎడమచెయ్యిని నాలుగు వేళ్లు పొడుగ్గా అల్లింది. తర్వాత కుడిచెయ్యిని భుజందాకా విప్పి, కొత్త ఊలుతో మళ్లీ అల్లింది. అత్తగారు అల్లిన దాన్ని విప్పుతున్నప్పుడు వేళ్లు కాస్త వెనకాడాయి. అవి అప్పుడే ఆగి ఉంటే బాగుండేది.

ఇక పెద్దకోడలు. వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి, తోడికోడలు తన కోటును కొలుస్తుండగా ఆమె కళ్లారా చూసింది. అత్తగారి కోసం చేస్తున్న రహస్యం కాబోలని మర్యాదగా రెండడుగులు వెనక్కి వేసి, దగ్గి మరీ లోపలికొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర భర్తతో చెప్పింది. మర్నాడు బళ్లో టీచర్లందరికీ చెప్పింది. శుక్రవారం మబ్బురంగు బూట్లు కొనుక్కుంది. ఆ సాయంత్రమే చిన్నకోడలికి ఫోన్ చేసి, అత్తయ్యను ఈ వయసులో ఎందుకు కష్టపెట్టడం, నాకు రెండున్నాయిగా అని గారంగా విసుక్కుంది. చిన్నకోడలు ఏదో పనుందని ఫోన్ పెట్టేసింది. రహస్యం బయటపడ్డందుకు తన్ను తానే తిట్టుకుంది గానీ, అది అసలు రహస్యం కాదేమోనన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

శనివారం పొద్దున మామగారు అత్తగారిని కట్టు విప్పించడానికి తీసుకెళ్లారు. చిన్నకోడలు స్వెట్టరును చన్నీళ్లలో ఉతికి, దండెం మీద భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి షాపుకు వెళ్లింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే, చేతులు రెండూ కిందికి జారి దండెం కింది పూలకుండీని తాకుతున్నాయి. ఆమె దగ్గరికి వెళ్లింది. దూరం వల్ల అలా కనిపించలేదని నిర్ధారణ అయింది.

మిషన్లో ఉతకడానికని మందు పెట్టిన ఊలుకు ఒక గుణం ఉంది. తడిస్తే సాగుతుంది. అలాంటివి ముందే తెలుస్తాయనే అత్తగారు ముక్క ఉతకమన్నది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. సాగినదేదైనా బిగించొచ్చని అతని నమ్మకం, ఆ నమ్మకంతోనే నాలుగు రాళ్లు సంపాదిస్తున్నాడు. స్వెట్టరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా? వేడినీళ్లలో వేస్తే ఊలు ముడుచుకుంటుంది. చిన్నప్పుడు మా అమ్మ ఒకసారి నా టోపీని అలాగే చేసింది" అన్నాడు.

"ఎంత వేడి?"

"బాగా."

బాగా వేడిచేశారు. బకెట్లో ముంచి, గరిటెతో తిప్పి, పిండి, పరిచి చూశారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమైంది, అయితే పాత ఊలు విషయంలో. అత్తగారు నెలల తరబడి అల్లిన ఒళ్లంతా ముడుచుకొని, గట్టిపడి, కంబళిముక్క అయింది. మందు పెట్టిన కొత్త ఊలు వేడికి చెక్కుచెదరలేదు. చేతులు ఎంతున్నవి అంతే ఉన్నాయి. ఒళ్లు బడిపిల్లకు సరిపోతుంది, చేతులు ఎవరికి సరిపోతాయో చెప్పడం కష్టం. భర్త కాసేపు చూసి, లిఫ్టు ఎక్కడో ఆగిపోయిందని ఫోన్ వచ్చినట్టు జేబు తడుముకొని వెళ్లిపోయాడు. ఫోన్ బల్లమీదే ఉంది.

చిన్నకోడలు మంచం అంచున కూర్చుంది. ఊలు కొట్టు మూసేశారు. కొత్తది అల్లడానికి వారం లేదు, నెల లేదు, అత్తగారి చెయ్యి అంతకన్నా లేదు. అత్తగారి ఆఖరి స్వెట్టరు, ఆవిడ నమ్మి ఇచ్చింది, ఇలా అయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత లేచి, దాన్ని మందులషాపు కాగితం సంచిలో పెట్టింది.

ఆదివారం భోజనాలయ్యాక అందరూ ముందుగదిలో చేరారు. పెద్దకోడలు కొత్త బూట్లు విప్పకుండా కూర్చుంది. అత్తగారి మణికట్టు సన్నబడి, పాలిపోయి ఉంది. ఆవిడ ఆ చేత్తోనే సంచి అందుకొని, తెరవకుండా ఒడిలో పెట్టుకుంది.

"అత్తయ్యా, మీకు ముందో మాట చెప్పాలి" అంది చిన్నకోడలు.

"తర్వాత చెబుదువుగాని. నేను చెప్పాల్సింది ఉంది." ఆవిడ అందరివైపూ చూసింది. పెద్దకోడలు సగం లేచింది. "పెద్దదానికి రెండున్నాయి. ఇది చిన్నదానికి."

పెద్దకోడలు మెల్లగా కూర్చుంది.

"ఆరేళ్లూ అల్లలేదని నీ మనసులో ఉందని నాకు తెలుసు" అంది అత్తగారు చిన్నకోడలితో. "పొద్దున్నే ఆ తెల్లకోటుతో పోతావు, సాయంత్రం ఆ కోటుతోనే వచ్చి వంటింట్లో దూరతావు. ఆ గోనెసంచి లోపల ఎంత మనిషున్నదో నా కంటికి ఎన్నడూ అందలేదు. అడిగి కొలవడం నాకు చేతకాదు. పోయిన చలికాలం జ్వరమొచ్చి కోటు లేకుండా పడుకున్నావు చూడు, అప్పుడు చూశాను. నీ చేతులు కొంచెం పొట్టి."

గదిలో అందరూ చిన్నకోడలి చేతుల వంక చూశారు. ఆమె కూడా చూసుకుంది. అత్తగారి కన్ను తప్పలేదు. ఆరేళ్లు ఎదురుచూసినదాన్ని, తనదని తెలియక, తన చేతులతో విప్పి, సాగదీసి, ఉడకబెట్టింది. ఇంకొకరిది పాడుచేసి ఉంటే క్షమించమని అడగొచ్చు. దీనికి ఎవరిని అడగాలో ఆమెకు తోచలేదు.

అత్తగారు సంచిలోంచి స్వెట్టరు తీసింది. ఒళ్లు ముందొచ్చింది. చేతులు చాలాసేపు వస్తూనే ఉన్నాయి. మామగారు దినపత్రిక ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దకోడలి ముఖంలో అప్పటిదాకా ఉన్న చిన్నబుచ్చుకోవడం పోయి, గొప్ప ఊరట వచ్చింది.

"వేసుకో" అంది అత్తగారు.

చిన్నకోడలు వేసుకుంది. అంచు బొడ్డు పైనే ఆగిపోయింది, గుండీలూ కాజాలూ ఒకదాన్నొకటి దూరంనుంచి చూసుకున్నాయి, చేతులు మోకాళ్లు దాటాయి. ఆవిడ కోడలిని దగ్గరికి రమ్మని, బొటనవేలితో ఒంటి మీద ఒకసారి రుద్దింది, చేతి మీద ఒకసారి రుద్దింది. రెండు రకాల ఊలూ, విప్పి అల్లిన చెయ్యీ, వేడినీళ్లూ అన్నీ ఆ వేలికి తెలిశాయి. కోడలు కళ్లు మూసుకుంది.

"కొలత తప్పాను" అంది అత్తగారు, అందరికీ వినబడేలా. "చేతులు ఎక్కువేశాను, ఒళ్లు తక్కువేశాను. కళ్లు పోతున్నట్టున్నాయి."

ముప్పై ఏళ్లలో ఆవిడ నోట ఆ మాట ఎవరూ వినలేదు. మామగారి చేతిలో పత్రిక కిందికి దిగింది. అత్త మంచి, వేము తీపు లేవంటారు. ఆ మాట పుట్టించినవాళ్లు ఆ గదిలో లేరు.

తర్వాత వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు అత్తగారు గిన్నెలు సర్దుతున్నట్టు వచ్చి పక్కన నిలబడింది.

"ముక్క ఉతికి చూశావా?"

"లేదత్తయ్యా."

"వేడినీళ్లు ఎవరి సలహా?"

"మీ అబ్బాయి."

"అనుకున్నాను. నా సూదులు నీ గదిలోనే ఉంచుకో. ఈసారి నేను పక్కన కూర్చుంటాను. కోటు విప్పి కూర్చో" అంది ఆవిడ.

చిన్నకోడలు ఆ స్వెట్టరును పారేయలేదు. చేతులు నాలుగు మడతలు మడిచి, తెల్లకోటు కింద రోజూ వేసుకొని షాపుకు వెళుతోంది. ఇంట్లో మిగతావాళ్లకు మాత్రం అత్తగారి చూపు గురించి బెంగ పట్టుకుంది. ఆవిడ ఎంత వద్దన్నా వినకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పరీక్షలన్నీ చేసి, కళ్లు దివ్యంగా ఉన్నాయని చెప్పి, వచ్చినందుకు ఒక చుక్కలమందు రాసిచ్చాడు. ఆ మందు షాపులో లేదు. దాని బదులు ఇంకో కంపెనీది ఇవ్వడానికి చిన్నకోడలికి చేతులు రాలేదు.