ఒంటికాలి నెమలి, ఒరిజినల్ సీడీ

2003 జూన్ నెల, బుధవారం. ధర్మవరంలో కుమారస్వామి ఇంట్లో ఆ పొద్దు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి కూతురు గీతాంజలి కంప్యూటరు ఆన్ చేస్తుంది. తొమ్మిదికల్లా ఆమె గీసిన ఒంటికాలి నెమలి గళ్ళ కాగితాల మీద అచ్చవుతుంది. పదికి ఆ కాగితాలు పెదనాయన ఓబుళప్ప చేతికి చేరతాయి. ఆయన వాటిని చూసి అట్టలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితే, పట్టుచీర అంచులో నెమలి వచ్చి నిలబడుతుంది.

ఎనిమిదీ ఐదుకు తెర మీద నెమలి లేదు. ఇంగ్లీషులో నాలుగు వరసలున్నాయి.

"నాయనా, గడువయిపోయిందంట!"

"ఎవురి గడువమ్మా?"

"కంప్యూటరుది. కంపెనీకి తెలిపి యాక్టివేషన్ చేస్తే గానీ లోపలికి ఇడిసిపెట్టదంట."

కుమారస్వామి నోట్లో వేపపుల్ల ఆగిపోయింది. "ముప్పై దినాలు టైముండాదని గదా జమీరు చెప్పిపోయింది? పన్నెండు దినాలే గదా అయింది!"

ఆ రోజుల్లో ధర్మవరంలో కంప్యూటరున్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి వెళ్ళేవారు. పని కాగానే తెర మీద పూల గుడ్డ కప్పేవారు. కరెంటు పోతే కింద ఉన్న బ్యాటరీ పెట్టె కుయ్యిమనడం, ఇంటిల్లిపాదీ అటు పరుగెత్తడం రోజూ ఉండేదే. ఊళ్ళో అన్నిట్లోనూ నకలు సీడీలే నడిచేవి. కుమారస్వామి ఒక్కడే పట్టుబట్టి ఒరిజినల్ సీడీ కొన్నాడు. "నకిలీ జరీ ముట్టనోణ్ణి, నకిలీ కంప్యూటరు ఇంట్లో పెట్టుకుంటానా?" అని నలుగురి ముందూ అన్నాడు కూడా. నకలు సీడీలు ఏ గడువూ అడగవని ఆ నలుగురికీ తెలుసు. చెప్పలేదు.

అంతకుముందు ఆరు నెలల పాటు గీతాంజలి రోజూ ప్యాసింజరు ఎక్కి హిందూపురం వెళ్ళి జమీరు దగ్గర డిజైన్లు గీయడం నేర్చుకుంది. కిటికీలో పెనుకొండ కొండ కనబడగానే టిఫిను డబ్బా విప్పేది. కంప్యూటర్లు అమ్మేదీ, నేర్పేదీ, బాగుచేసేదీ అన్నీ జమీరే. ఈ ఒంటికాలి నెమలి ఆమె మొదటి డిజైను.

నలభై ఏళ్ళుగా చేత్తో గళ్ళు గీసి అట్టలు కొడుతున్న ఓబుళప్పకు ఇదేమీ నచ్చలేదు. తమ్ముడి మాట కాదనలేక ఒక షరతు పెట్టాడు. "శుక్రవారం సాయంత్రానికి గళ్ళ కాగితం నా చేతిలో పడల్ల. పడకుంటే మగ్గానికి మన పాత మామిడిపిందె అట్టలే కడతా. ఇంగ ఆ పెట్టె మాట ఈ ఇంట్లో ఎత్తగూడదు." అని ఊరుకున్నాడా అంటే అదీ లేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి, గీతాంజలి వెనక నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని తెరను ఎగాదిగా చూసి, పెట్టెను నాలుగు తిట్లు తిట్టి వెళ్ళేవాడు.

కుమారస్వామి యల్లప్ప ఎస్టీడీ బూతుకు పరుగెత్తాడు.

"ఏం భయపడొద్దు స్వామన్నా," అన్నాడు అవతల జమీరు. "కంప్యూటర్ పెట్టిన దినమే లోపలుండేదంతా మూడు సీడీల్లోకి ఎక్కించి పెట్టుకున్నా. బ్యాకప్ అంటారు. ఆ దినం ఎట్లుండెనో మళ్ళా అట్లనే చేసిస్తా."

"ఆ దినం టెంకాయ గూడా కొడితిమి గదప్పా. మళ్ళా కొట్టల్లా?"

"అది మాత్రం అక్కర్లేదన్నా."

మధ్యాహ్నం బండికి జమీరు సీడీలతో దిగాడు. కంప్యూటరును అతను మొదటి రోజే రెండు భాగాలు చేసి, ఒకటి వంటిల్లు, రెండోది బీరువా అని గీతాంజలికి చెప్పాడు. వంటిల్లు ఎన్నిసార్లు కడిగినా బీరువాలో దాచింది చెక్కుచెదరదు. ఇప్పుడతను కడగబోయేది వంటిల్లే. అయినా జాగ్రత్తగా అడిగాడు.

"డిజైను యాడ పెట్టినారన్నా?"

"పెట్టెలోనే భద్రంగా ఉండాది," అన్నాడు కుమారస్వామి.

జమీరుకు అది బీరువా అన్నట్టే వినిపించింది. చెప్పాల్సిన గీతాంజలి ఆ సమయానికి ఓబుళప్ప ఇంట్లో ఒక్కరోజు గడువు పెంచమని బతిమాలుతోంది. ఆయన పెంచలేదు.

సీడీలు ఒకదాని తర్వాత ఒకటి తిరిగాయి. రెండు గంటలు పట్టింది. కంప్యూటరు పసిబిడ్డలా కళ్ళు తెరిచి, గడువు ముగిసింది అంది.

"ఇదేం చోద్యమబ్బా!" జమీరు నుదురు తుడుచుకున్నాడు. "ఇప్పుడే పుట్టి, ఇప్పుడే రిటైరయినానంటాది!"

మళ్ళీ సీడీలు తిప్పాడు. మళ్ళీ అదే మాట. అప్పటికి వార్త వీధి దాటింది. పెళ్ళిపత్రికలు అచ్చువేసే మల్లప్ప పరామర్శకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒరిజినల్ అంట గదా స్వామీ? మాది నకలు. మూడేండ్లాయ, ఇంతవరకు ఒక్క మాటా అడగలే."

"నువ్వు ఊరికుండప్పా!"

ఇక మిగిలింది ఫోను దారి. తెర మీద కనిపించే యాభైకి పైగా అంకెలను కంపెనీ వాళ్ళకు ఫోనులో చదివి వినిపిస్తే, వాళ్ళు తిరిగి నలభై రెండు అంకెలు చెబుతారు. అవి కొడితే తలుపు తెరుచుకుంటుంది. జమీరు అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, కుమారస్వామిని వెంటబెట్టుకుని బూతుకు వెళ్ళాడు. ఒకరు చదువుతుంటే ఒకరు వేలు పెట్టి సరిచూశారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు మొదట విసుక్కున్నారు. తర్వాత ఆసక్తిగా విన్నారు. చివరికి ఒకాయన, "ఏమప్పా, లాటరీనా?" అని అడిగాడు. నలభై నిమిషాల తర్వాత నలభై రెండు అంకెలతో ఇద్దరూ దొరలలాగా ఇంటికి వచ్చారు.

మల్లప్ప ఎదురొచ్చాడు. చేతులకు దుమ్ము.

"మెమరీ తక్కువయి మొరాయిస్తాందని నా దాంట్లోది తెచ్చి వేసినా. మంచిది."

జమీరు తెరను చూశాడు. మీద ఉన్న అంకెలు మారిపోయాయి. లోపలి సామాను మారితే అంకెలూ మారతాయి. చేతిలోని కాగితం ఇప్పుడు లోకంలో లేని ఒక కంప్యూటరుకు తాళంచెవి.

"పాతది యాడ పెట్టినావు మల్లప్పన్నా? అది వేస్తే సరిపోతాది."

మల్లప్ప జేబులోంచి తీసి చూపించాడు. రెండు ముక్కలుగా ఉంది. "పీకేటప్పుడు కొంచెం గట్టిగా ఉండె," అన్నాడు.

గురువారం మళ్ళీ ఫోను చేద్దామంటే, తెల్లవారుజామునే కాలవ తవ్వేవాళ్ళు కేబులు తెంపారు. బజారులో ఫోన్లన్నీ మూగబోయాయి. ఇక తన కొట్టుకే తీసుకుపోతానని జమీరు పెట్టెను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని హిందూపురం ప్యాసింజరు ఎక్కాడు. పెనుకొండలో ఒక పోలీసాయన ఎక్కి దుప్పటి వైపు చూశాడు.

"ఏందది?"

"కంప్యూటర్ సార్. సచ్చిపోయింది."

"శవాన్ని ఒళ్ళో పెట్టుకోని పోతాండావా? దిగు, దిగు."

ప్లాట్‌ఫారం మీద ఒక్కొక్క మర విప్పించి, తీగలన్నీ చూసి, ఇందులో పేలేదేమీ లేదని పోలీసాయన తృప్తిపడేసరికి బండి కొండ మలుపు తిరిగిపోయింది. తర్వాత వచ్చే బండి ధర్మవరానిదే. సాయంత్రానికి జమీరు అదే దుప్పటితో, చేతిలో రెండు మరలతో, కుమారస్వామి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"పోయినంత బిరీన వచ్చినావే నాయనా," అంది కుమారస్వామి భార్య రత్నమ్మ.

శుక్రవారం వచ్చింది. సాయంత్రం ఐదుకు ఓబుళప్ప వస్తాడు. ఫోన్లు ఇంకా లేవలేదు. జమీరు మూడోసారి సీడీలు తిప్పాడు. మూడోసారీ గడువు ముగిసింది. గీతాంజలి ఏడుపు ఆపుకుని ఒక మూల కూర్చుంది. ఆర్నెల్ల ప్యాసింజరు ప్రయాణం, రాత్రింబగళ్ళు గీసిన నెమలి, ఇంకో గంటలో మామిడిపిందె పాలు.

రత్నమ్మ కాఫీ గ్లాసు తెచ్చి జమీరు చేతిలో పెట్టింది.

"ఏమన్నా అనుకో జమీరూ, చెడిపోకముందు నీ కంప్యూటరు పంచాంగం మాత్రం బాగా చూపిస్తాండె."

"పంచాంగమా?" జమీరు గ్లాసు పెదాల దగ్గర ఆగింది. "యాడ చూసినావక్కా?"

"మూలకు గడియారం ఉండాది గదా? దాని మీద టకటకమని రెండుసార్లు కొడితే క్యాలెండరు వస్తాది. ఈ చీర వరలక్ష్మీ వ్రతానికి కట్టించల్లని నా ఆశ. వ్రతం ఆగస్టు ఎనిమిది అనె అయ్యవారు. శుక్రవారమేనా కాదా అని మంగళవారం సాయంత్రం చూసినా. శుక్రవారమే."

"చూసి?"

"చూసి ఏముండాది? ఆగస్టు తీసి, ఎనిమిది మీద ఒత్తినా. ఓకేనా అని అడిగె. ఓకే అంటి."

"క్యాన్సిల్ అని గూడా ఉంటాది గదక్కా పక్కన!"

"అంత చక్కగా చూపించినదాన్ని మొగం మీదనే క్యాన్సిల్ అంటామా? ఏం మర్యాదప్పా అది?"

జమీరు గ్లాసు కింద పెట్టాడు. కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ చేసి, మొదట్లోనే ఒక మీట నొక్కాడు. నీలం తెర వచ్చింది. మీద తేదీ ఉంది: ఆగస్టు పదకొండు.

మూడు రోజులుగా ఊరంతా జూన్‌లో ఉంటే, ఆ పెట్టె ఒక్కటీ శ్రావణంలో ఉంది. దాని లెక్కన ముప్పై రోజులు ఎప్పుడో దాటాయి. తేదీ ఉండేది సీడీల్లో కాదు, లోపల గుండీ అంత బ్యాటరీ పక్కన. వంటిల్లు మూడుసార్లు కడిగినా గోడ గడియారం మారనట్టే, ఎన్ని సీడీలు తిప్పినా అది మారలేదు. జమీరు తేదీని జూన్ పదమూడుకు తెచ్చాడు. కంప్యూటరు కళ్ళు తెరిచి, ఇంకా పదహారు రోజులున్నాయని వినయంగా చెప్పి, లోపలికి రమ్మంది.

కుమారస్వామి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. గీతాంజలి ఒక్క ఉదుటున వచ్చి కుర్చీలో కూర్చుంది. తెరను చూసింది. మూలమూలా వెతికింది.

"అన్నా, నా నెమలేది?"

"బీరువాలో చూడమ్మా."

"బీరువాలో పెట్టలేదన్నా. కళ్ళ ముందర ఉంటే పోదని ఈడ తెర మీదనే పెట్టుకున్యా."

జమీరు సీడీల వైపు చూశాడు. తెర అంటే వంటింటి గుమ్మం. వంటిల్లు అతను తన చేతులతో మూడుసార్లు కడిగాడు. బ్యాకప్పు మాట నిలబెట్టుకుంది. మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఇచ్చింది. మొదటి రోజుకు నెమలి ఇంకా పుట్టలేదు.

ఐదు కొట్టింది. భుజాన గోనెసంచితో ఓబుళప్ప వచ్చాడు.

"గళ్ళ కాగితం యాడ పాపా?"

"లేదు పెదనాయనా," అంది గీతాంజలి. "నెమలి పోయింది."

"పోతాదని నాకు తెలుసు." ఆయన సంచి దించి, దారంతో కుట్టిన అట్టల కట్ట బయటికి లాగాడు. మామిడిపిందె వచ్చేసిందని కుమారస్వామి తల దించుకున్నాడు. ఓబుళప్ప సంచిలో చెయ్యి పెట్టి, మడత పెట్టిన ఒక గళ్ళ కాగితం తీసి గీతాంజలి ముందు పరిచాడు. పెన్సిలుతో, గడి గడికీ చుక్క పెట్టి, నెమలి.

"దినామూ వచ్చి పెట్టెను తిట్టిపోతాంటే ఉత్తదే అనుకుంటిరా?" అన్నాడు ఓబుళప్ప. "తిట్టేదానికి ఒక్క దినం చాలదా? కొంచెం కొంచెంగా చూసి, ఇంటికి పోయి గీస్కుంటి. పెట్టెను నమ్మల్యా. నెమలి మాత్రం బాగుండె. ఈ అట్టలు గూడా దానివే, కొట్టి తెచ్చినా."

గీతాంజలి కళ్ళు తుడుచుకుని కాగితం మీదికి వంగింది. ఒక్కసారిగా తల ఎత్తింది.

"పెదనాయనా! దీనికి రెండు కాళ్ళుండాయి!"

"ఒకటి మరిసిపోయినావు గదా. నేనే వేసినా."

"మరిసిపోలేదు! అది ఒంటికాలి మీద నిలబడే నెమలి!"

"పట్టుచీరంటే యాభై ఏండ్లుంటాది పాపా," అన్నాడు ఓబుళప్ప నెమ్మదిగా. "అంత కాలం ఒంటికాలి మీద ఎట్ల నిలబడ్తాది?"

ఈ ప్రశ్నకు హిందూపురంలో ఎవరూ జవాబు నేర్పలేదు. గీతాంజలి నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆ గదిలో వినిపించిన మొదటి నవ్వు అదే. ఆ సాయంత్రమే మగ్గానికి అట్టలు కట్టారు. శ్రావణ శుక్రవారం నాడు, ఈసారి ఊరందరి శ్రావణంలోనే, రత్నమ్మ రెండుకాళ్ళ నెమలి చీర కట్టుకుంది. తర్వాతి డిజైను నుంచి గీతాంజలి కంప్యూటరు మీద, ఓబుళప్ప ఆమె వెనక నిలబడి గళ్ళ కాగితం మీద గీశారు. తిట్లు మామూలే.

ఇంకొక్క సంగతి. శనివారం ఫోన్లు లేచాయి. జమీరు మళ్ళీ అంకెలు చదివి, కొత్త నలభై రెండు అంకెలు తెచ్చి కొట్టి, కంప్యూటరుకు శాశ్వతంగా గడువు బెంగ తీర్చాడు. ఈ కాగితం మాత్రం పోగొట్టుకోవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కాగితమా అని ఓబుళప్ప పెదవి విరిచాడు. ఆ నలభై రెండు అంకెలనూ ఒక అట్ట మీద వరసగా రంధ్రాలు కొట్టి, దూలానికి వేలాడదీశాడు.

కంప్యూటరు పాతసామాన్ల వాడి బండెక్కి చాలా ఏళ్ళయింది. అట్ట ఇప్పటికీ దూలానికే ఉంది. అది ఇంతవరకు ఎవరినీ ఏ నంబరూ అడగలేదు.