వుకాషిన్ చేతులెత్తని గోలు

స్తానా కొడుకు వుకాషిన్ నా ప్లమ్ తోట మింగేసి యూరప్ మీద పడ్డాడని హోటలు గ్వోజ్దెన్ ఊరంతా చాటుతున్నాడు. నాకు కడుపు మండుతున్న మాట నిజమే. కానీ న్యాయం న్యాయమే! ఏడాదికో క్లబ్బు మారే ఫుట్‌బాల్ ఆటగాడు మనుషులకి దొరికిన వరం. ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నాను. వుకాషిన్ కూడా ప్రతి కొత్త క్లబ్బులోనూ గుండె మీద చెయ్యేసుకునే మాట్లాడతాడు కదా!

తెలియనివాళ్ళకి చెప్తాను. స్తానా అంటే మా ఊరు లిపోవాలో బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడ కొడుకు పదహారో ఏట మా ఊరి క్లబ్బు ఇస్క్రా నుంచి బయటపడ్డాడు. గోల్స్ కొట్టడం అతని పని. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు. మధ్యలో ఎన్ని క్లబ్బులు మారాడంటారా? వాళ్ళమ్మ లెక్కలో పధ్నాలుగు. గ్వోజ్దెన్ లెక్కలో పదిహేను. ఆ ఒక్కటీ ఎందుకు తేడా వచ్చిందో కాసేపట్లో చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు లాభాలు చూద్దాం.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. మానేశానో, మాన్పించారో, ఇప్పుడు ఆ గొడవెందుకు? లతీంకా టీచరమ్మ పటం ముందు నిలబెట్టి బెల్జియం చూపించమంటే నేను సముద్రం చూపించేవాణ్ణి. బెత్తంతో కొట్టినా రాని చదువు వుకాషిన్ వల్ల వచ్చింది. బెల్జియం, హంగరీ, పోలండ్, సైప్రస్, పోర్చుగల్ రెండో డివిజను, అన్నీ నోటికొచ్చు. కజకిస్తాన్ క్లబ్బులు కూడా యూరప్ కప్పుల్లోనే ఆడతాయని మీలో ఎంతమందికి తెలుసు? చదువుకున్నవాళ్ళే కదా మీరు!

ఇక బట్టలు. ప్రతి బదిలీకీ అతను ఊరికి ఒక మూట జెర్సీలు పంపేవాడు. మా ఊళ్ళో బంగాళాదుంపలు తవ్వుతుంటే దూరం నుంచి చూసినవాళ్ళకి యూరప్ కప్పు జరుగుతోందా అనిపిస్తుంది. గోతులు తవ్వే ముసలాయన బెల్జియం ఊదారంగులో తవ్వుతాడు. మొక్కజొన్న చేలో దిష్టిబొమ్మకి హంగరీ చొక్కా. కాకులు పోలండు చొక్కాకి భయపడలేదు, హంగరీకి భయపడుతున్నాయి. స్తానా ఆ క్లబ్బుల మఫ్లర్లతో టమాటా మొక్కలు కట్టుకుంటుంది. ఒకే క్లబ్బులో ఇరవై ఏళ్ళు ఆడిన మహానుభావులున్నారు. వాళ్ళ ఊళ్ళకేం ఒరిగింది? ఒకే రంగు! దిష్టిబొమ్మకి కూడా విసుగు పుడుతుంది.

గ్వోజ్దెన్ అన్నీ మర్చిపోయి మాట్లాడతాడు. వుకాషిన్ ఆట చూపించడానికి వాడి హోటలు కప్పు మీద డిష్షుని ఒక ఏడు జనవరిలో, ఇంకో ఏడు ఆగస్టులో తిప్పేవాళ్ళం. ఆ డిష్షు తిరిగినంత యూరప్ మా జిల్లాలో ఎవడూ తిరగలేదు. ఆ డిష్షు పేరు చెప్పుకుని వాడెంత సారా అమ్మాడో వాడి భార్యకి తెలుసు. అతనికి క్లబ్బులు కుదిర్చిపెట్టే ఏజెంటు మాటకొస్తే, ఒక్కో బదిలీకి ఇంటి మీద ఒక్కో అంతస్తు వేశాడు. ఇప్పుడు లిఫ్టు పెట్టిస్తున్నాడట. ఒక మనిషి కుదురుగా ఉండకపోతే ఇన్ని ఇళ్ళు నిలబడ్డాయి!

పైగా ఎంత విశ్వాసం! కొత్త క్లబ్బుకి వెళ్ళిన ప్రతిసారీ మఫ్లరు తలపైకి పట్టుకుని, "ఈ క్లబ్బుకి ఆడటం నా చిన్ననాటి కల," అన్నాడు. సైప్రస్‌లోనూ అన్నాడు, కజకిస్తాన్‌లోనూ అన్నాడు. అతని చిన్నతనంలో నేనూ ఉన్నాను. అప్పట్లో అతని కల గేర్లున్న సైకిలు. కానీ కలలకేం, వయసొచ్చాక కూడా గుర్తుకు రావచ్చు.

అన్నిటికంటే గొప్పది అతని మర్యాద. ఫుట్‌బాల్ వాళ్ళకి ఒక ఆచారం ఉంది. ఒకప్పుడు అన్నం పెట్టిన క్లబ్బు మీద గోలు కొడితే గంతులు వెయ్యకూడదు. రెండు చేతులూ పైకెత్తి, అద్దం పగలగొట్టిన పిల్లాడిలా తలొంచుకుని, మెల్లగా నడిచి వెళ్ళాలి. "నన్ను క్షమించండి, నా డ్యూటీ నేను చేశాను," అని దాని అర్థం. ఆ క్లబ్బు మనుషులు కూడా లేచి చప్పట్లు కొడతారు. ఓడిపోయిన బాధలో అదొక్కటే తీపి.

ఈ ఆచారాన్ని వుకాషిన్ పాటించినట్టు దేవుడి పూజారి కూడా ఉపవాసం పాటించడు! ఒక క్లబ్బులో ఆరు నెలలు బెంచీ మీద కూర్చుని, మొత్తం మీద పావుగంట ఆడాడు. తర్వాత వాళ్ళ మీద గోలు కొట్టి చేతులెత్తాడు. సైప్రస్‌లో జీతం ఎగ్గొట్టిన క్లబ్బు మీద కొట్టి కూడా చేతులెత్తాడు. ఒక దశలో ఎదురొచ్చిన ప్రతి జట్టూ పాతదే అయ్యేసరికి, సీజనంతా పోలీసులకి లొంగిపోతున్నవాడిలా కనిపించాడు.

ఆ పదిహేనో క్లబ్బు సంగతి ఇప్పుడు చెప్తాను. అక్కడ అతను అసలు ఆడనే లేదు. వైద్యపరీక్షకి వెళ్ళాడు, మోకాలు బాగాలేదని డాక్టరు తిప్పి పంపేశాడు. అంతే సంబంధం. రెండేళ్ళ తర్వాత వాళ్ళ మీద గోలు కొట్టి, చేతులెత్తి, బెంచీ వైపు తిరిగి ఆ డాక్టరుకి తల వంచాడు! మోకాలు నొక్కి చూసినవాడికి కూడా అంత గౌరవం! గ్వోజ్దెన్ హోటల్లో ఆ రోజు నేను బల్ల గుద్ది చెప్పాను. "చూశారా మావాడు! ఏదో ఒక రోజు ఇస్క్రా మీద ఆడాల్సొస్తే, వీడు చేతులెత్తడం కాదు, సాష్టాంగపడతాడు!"

నేనెందుకంత గట్టిగా చెప్పానంటారా? దానికొక కారణం ఉంది. తోట.

వుకాషిన్‌కి పదహారేళ్ళప్పుడు ఇస్క్రా మొట్టమొదటిసారి జోన్ లీగుకి ఎక్కింది. అంతా వాడి కాళ్ళ పుణ్యమే. జోన్ లీగంటే పెద్ద క్లబ్బుల మనుషులు చూడటానికొస్తారు. ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు వచ్చి టేపు పెట్టి కొలిచి, మైదానం పొట్టిగా ఉంది, పొడుగు చెయ్యకపోతే కింది లీగులోనే ఉండండన్నారు. ఎటు పెంచాలి? ఒక పక్క వాగు. ఒక పక్క శ్మశానం. వెనక చర్చి గోడ. వాగు జరగదు. చచ్చినవాళ్ళు జరగరు. పూజారి అసలే జరగడు. నాలుగో పక్క నా ప్లమ్ తోట. జరగడానికి వీలున్నవాడు ఊళ్ళో మిలూతిన్ ఒక్కడే, అంటే నేనే!

స్తానా మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మిలూతిన్ గారూ, నేను నోరు తెరిచి అడగను. మీ ఇష్టం," అంది. నోరు తెరిచి అడిగినా అంత గట్టిగా వినపడేది కాదు.

చెట్లు నేనే కొట్టాను. మా నాన్న నాటినవి. ఆ చలికాలం మా ఆవిడ దెసాంకా పొయ్యిలో ప్లమ్ కట్టెలే మండాయి. ఒక్కో కట్టె వేసేటప్పుడు ఆవిడ నా వైపు చూసేది. వసంతంలో కొత్త మైదానం మీద వుకాషిన్ నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. అయిదోదానికి వాడు లేడు, బెల్జియంలో ఉన్నాడు. నేను కాయితం అడగలేదు, మైదానానికి నా పేరు పెట్టమని అడగలేదు. సారా కాచుకోవడానికి మిగిలిన నాలుగు చెట్లూ చాలన్నాను. వాడికి తెలుసు కదా, అది చాలనుకున్నాను.

ఈ ఆగస్టులో వుకాషిన్ తిరిగొచ్చాడు. జిల్లా కేంద్రంలో ఉన్న క్లబ్బులో చేరాడు. అది కూడా చిన్ననాటి కలే, టీవీలో చెప్పాడు. సెప్టెంబరులో కప్పు పోటీకి చీటీలు తీస్తే, వాళ్ళ మీద మా ఇస్క్రా పడింది. అదీ మా మైదానంలోనే!

బుధవారం మధ్యాహ్నం మ్యాచ్. నేను గడ్డం గీసుకుని పెళ్ళినాటి కోటు వేసుకున్నాను. బొత్తాలు పట్టలేదు.

"ఏమయ్యా, వాడు చేతులెత్తితే చెట్లు మొలుస్తాయా?" అంది దెసాంకా.

"మొలవవు."

"మరి ఈ సింగారమెందుకు?"

"నువ్వు ఊరుకో."

ఇంట్లో కుర్చీ మోసుకెళ్ళి తోట వైపు గోలు వెనక వేసుకున్నాను. గ్వోజ్దెన్ సారా సీసాలతో అక్కడే కాపు కాసి ఉన్నాడు.

"ఏరా మిలూతిన్, కుర్చీ కూడా తెచ్చావు. పట్టాభిషేకమా?"

"చూస్తూ ఉండు."

"చేతులెత్తకపోతే?"

"డాక్టరుకే ఎత్తాడురా! మనకెత్తడా?"

మా గోల్‌కీపరు ట్రాక్టర్లు బాగుచేస్తాడు. డిఫెన్సులో ఇద్దరు పందుల వ్యాపారులు, ఒక పోస్ట్‌మ్యాన్. పందుల వ్యాపారులు నిలబడితే కదలరు, పోస్ట్‌మ్యాన్ కదిలితే ఆగడు. సగం ఆట అయ్యేసరికి మా మీద అయిదు గోల్స్ పడ్డాయి. వాటిలో వుకాషిన్‌ది ఒక్కటీ లేదు. నాకు సంతోషంగానే ఉంది. వాడు కావాలనే తోట వైపు వచ్చేదాకా ఆగుతున్నాడనుకున్నాను. ఎంత మర్యాద చూడండి!

రెండో సగంలో వచ్చాడు. బంతి కాలికి తగిలింది. ట్రాక్టర్లాయన వెనక్కి తిరిగేలోపు వల కదిలింది.

నేను టోపీ తీసి లేచి నిలబడ్డాను. నాకు తెలియకుండానే నా చేతులు రెండూ పైకి లేచాయి, వాడికి అందిస్తున్నట్టు.

వుకాషిన్ చొక్కా విప్పాడు! గాల్లో తిప్పాడు! మోకాళ్ళ మీద జారుకుంటూ వచ్చి, సరిగ్గా మా నాన్న మూడో వరస చెట్లు నాటిన చోట ఆగాడు. చొక్కా మీదున్న, మూడు వారాల కిందట చేరిన క్లబ్బు బొమ్మని ముద్దు పెట్టుకున్నాడు. ఆ పైన నోటి మీద వేలు పెట్టి మమ్మల్ని నోరు మూసుకోమన్నాడు! అక్కడ నోరు తెరిచిందెవరు? ఉన్నదే వంద మంది. అందులో ఒకావిడ వాడి తల్లి!

నా చేతులు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి.

"దించుకోరా మిలూతిన్, భుజం పట్టేస్తుంది," అన్నాడు గ్వోజ్దెన్. ఆ రోజు వాడు ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ మండింది.

ఆట అయ్యాక బస్సు దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే రెండు చేతులూ చాచి కావలించుకున్నాడు. మనసులో కల్మషం లేదు, అది ఒప్పుకోవాలి.

"మిలూతిన్ బాబాయ్! గట్టిగా ఉన్నావా? పిన్ని ఎలా ఉంది?"

"ఉంది. ఒరేయ్ బాబూ, ఒక్క మాట. పాత క్లబ్బు మీద కొడితే చేతులెత్తుతావు కదా. మేం నీ పాత క్లబ్బు కాదట్రా?"

వాడు పెద్దగా నవ్వాడు. "మీరు క్లబ్బేంటి బాబాయ్! మీరు ఇల్లు! ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా మర్యాదలేనా?"

పాఠకులారా, నిజం చెప్పొద్దూ, నా కళ్ళు చెమర్చాయి. క్షమించేశాను. డాక్టర్ని కూడా క్షమించేశాను. అక్కడితో బస్సు కదిలి ఉంటే ఈ వ్యాసం వుకాషిన్‌ని పొగడటానికే రాసేవాణ్ణి.

బస్సు కదల్లేదు. వాడు నా భుజం మీద చెయ్యేసి మైదానం వైపు చూశాడు.

"అవునూ బాబాయ్, ఆ గోలు దగ్గర ఏవో చెట్లుండేవి కదా? చిన్నప్పుడు కంచె దూకి పళ్ళు కోసుకునేవాళ్ళం. ఎవరివో మరి, పాపం. ఏమయ్యాయవి?"

అంతలో డ్రైవరు హారను కొట్టాడు. వుకాషిన్ ఇంకోసారి కావలించుకుని, చెమట చొక్కా నా చేతిలో పెట్టి పరిగెత్తాడు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఒక్క చెయ్యి.

అయినా నేను మాట మార్చను. క్లబ్బులు మారే ఆటగాడు వరమే! పధ్నాలుగు క్లబ్బుల్నీ, ఒక డాక్టర్నీ గుర్తుపెట్టుకున్న బుర్రలో ఇంకా చోటెక్కడుంటుంది? జనవరిలో మళ్ళీ బదిలీ అంటున్నారు, ఈసారి మాల్టా అట. నేను పటంలో చూసి పెట్టుకున్నాను, చాలా చిన్న దేశం. అక్కడ మైదానాలు పొట్టిగా ఉంటే ఎవరివో ఒకరి చెట్లు తప్పకుండా ఉంటాయి.

వాడడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా వాడికి చదివి వినిపించండి.

ఏవో చెట్లు కాదు బాబూ. ప్లమ్ చెట్లు. ముప్పై ఒకటి. నేల ఇరవై రెండు మీటర్ల పొడవు, డెబ్బై మీటర్ల వెడల్పు. మొత్తం పదిహేను వందల నలభై చదరపు మీటర్లు.