ముందు చక్రాలు బిగుసుకోవడం వల్ల కలిగే లాభాలు

నడిరోడ్డు మీద కారు ముందు చక్రాలు బిగుసుకుపోవడం రోగం కాదు, వరం. నవ్వకండి! కారున్న మహానుభావులారా, లేని పుణ్యాత్ములారా, ఈ సంగతి తార్నాకలో రుజువైపోయింది.

సోమయాజులుగారు యూనివర్సిటీలో ఇంజనీరింగు పాఠాలు చెబుతారు. ఆయనకు ఎర్రటి స్పోర్ట్స్ కారు ఉంది. పైన టాపు లేదు, వెనక సీటు లేదు. పైచదువుకు సీమకు వెళ్ళి, వస్తూ వస్తూ ఓడలో వేసుకొచ్చారు. సాయంత్రం నాలుగింటికి అది కాలేజీ నుంచి లాలాగూడలోని ఇంటికి బయల్దేరుతుంది. తార్నాక చౌరస్తాలో, సరిగ్గా అమృతమ్మ చాయ్ హోటల్ ముందు, ముందు చక్రాలు రెండూ పట్టేస్తాయి. పదిమంది నెట్టినా రోడ్డు మీద నల్లగీతలు పడతాయి తప్ప బండి నడవదు. అరగంట ఆగితే, ఏమీ ఎరగనట్టు దానంతటదే కదులుతుంది.

అరగంట! ఈ పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఒక పెద్దమనిషికి ఊరికే అరగంట ఎవరిస్తారు? బస్సు ఇస్తుందా? పై అధికారి ఇస్తాడా?

ఆ అరగంటతో తార్నాక ఎంత బాగుపడిందో చూడండి. అమృతమ్మ మూడో బల్ల చేయించింది. అడిక్‌మెట్ గదుల్లో ఉండే విద్యార్థులు లెక్కలు కట్టే స్లైడ్ రూళ్ళు పట్టుకొచ్చి, క్లాసులో అర్థం కానిది చక్రం దగ్గర అర్థం చేసుకున్నారు. కూరగాయలమ్మే బుచ్చవ్వ కారుకు గుమ్మడికాయతో దిష్టి తీసింది. ఆ గుమ్మడి ముక్క మీద కాలేసి హోమియోపతి వెంకటస్వామి జారిపడ్డాడు. పడ్డచోటి నుంచే కారు కిందికి తొంగిచూసి, దీనికి వేడిచేసిందని తేల్చాడు. కాలేజీలో కమిటీ వేశారు. కమిటీ పదకొండు కారణాలు కనిపెట్టింది. పన్నెండోది ఉందేమోనని సబ్ కమిటీ వేశారు.

ఒక్క లక్ష్మీనర్సయ్య మాత్రం ఏమీ అనలేదు.

రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు బ్రేకులు చూసి రిటైరైన మనిషి. చదువు మూడో తరగతి; మాట అంతకంటే తక్కువ. తొలిరోజే, సోమయాజులుగారి బూటు బ్రేకు పెడల్ మీద పడిన తీరు చూసి జబ్బు కనిపెట్టేశాడు. పెడల్‌కు మొదట్లో కాస్త ఖాళీ ఉండాలి. సోమయాజులుగారు ఆ ఖాళీని లోపమనుకుని నట్టు బిగించేశారు. ఇక బ్రేకు నూనెకు వెనక్కి దారి లేదు. మైలు నడిచేసరికి వేడెక్కి, ఉబ్బి, చక్రాలను పట్టుకుంటుంది. చల్లారితే వదులుతుంది. నట్టు సగం తిప్పు వదులు చేస్తే సరి.

మరి చెప్పవచ్చుగా, అంటారా? వర్క్‌షాపులో ఆయన్ను అడగందే బండి గేటు దాటేది కాదు. రిటైరై రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో టైమెంతయిందని కూడా ఆయన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని రోజూ నాలుగింటికి వచ్చి బల్ల చివర కూర్చుంటున్నాడు.

"నువ్వు నోరు తెరుస్తవేమోనని నాకు ఒకటే గుబులు మామా," అంది, ఆయన చూపు పెడల్ మీదే ఉండటం పసిగట్టిన అమృతమ్మ. "గా చక్రాలు ఆగితేనే నా హోటల్ నడుస్తది."

"అడిగితె గద," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

పంతొమ్మిదో రోజు సోమయాజులుగారు నేరుగా ఆయన దగ్గరికే వచ్చారు. లక్ష్మీనర్సయ్య గ్లాసు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా, కాస్త జరుగుతారా? టూల్ బాక్సు పెట్టుకోవాలి."

జరిగాడు.

అడగనిదే నోరు తెరవనని ఒట్టు పెట్టుకున్నాడు గాని, చేతులకు ఒట్టు లేదు. సోమయాజులుగారు విద్యార్థులకు పన్నెండో కారణం వివరిస్తుండగా, ఆ బాక్సులోంచే పానా తీసి, కారులోకి వంగి, సగం తిప్పు తిప్పి వచ్చి కూర్చున్నాడు. చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

మర్నాడు నాలుగుంబావుకు ఎర్రటి గీత ఒకటి చౌరస్తా దాటిపోయింది. అంతే, తార్నాక దివాళా! విద్యార్థులు గదుల్లోనే ఉండిపోయారు. మూడో బల్ల మీద కుక్క పడుకుంది. కమిటీ తన విజయాన్ని మూడు కాపీలు టైపు చేయించింది. ఆ పుణ్యం తన గుమ్మడికాయదేనని బుచ్చవ్వ చాటింది. అమృతమ్మ మాత్రం లక్ష్మీనర్సయ్యకు నీళ్ళ చాయ్ పోసింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన గోళ్ళలో గ్రీజు చెప్పింది.

నాలుగో రోజు కారు ఆగింది. బ్రేకు నొక్కితే ఆగింది.

సోమయాజులుగారు దిగి, బాగున్న కారు పక్కన ఏం చేయాలో తోచక నిలబడ్డారు. బానెట్ ఎత్తారు, దించారు. టైరును బూటుతో తట్టారు. బల్ల వైపు చూశారు. డిపార్టుమెంటులో తొమ్మిదేళ్ళుగా పక్కగది ఆయనతో నమస్కారం తప్ప రెండో మాట లేదు. ఇక్కడేమో పంతొమ్మిది రోజుల్లో వెంకటస్వామి మోకాలి నొప్పి దాకా తెలిసిపోయింది. అయినా అంత చదువుకున్న మనిషి, ఏ కారణమూ లేకుండా నలుగురి మధ్య ఎలా కూర్చుంటాడు?

"ఎవరో నట్టు వదులు చేశారు," అన్నారు, కారుతో అన్నట్టు.

అమృతమ్మ గరిటెతో బల్ల చివర చూపించింది.

"మీరా?"

లక్ష్మీనర్సయ్య తలూపాడు.

సోమయాజులుగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "మళ్ళీ బిగించడం వచ్చా?"

రెండేళ్ళకు పని గురించి అడిగిన మొదటి ప్రశ్న! అదీ బాగు చేయమని కాదు.

లక్ష్మీనర్సయ్య లేచి కారులోని టూల్ బాక్సులోంచి పానా అందుకున్నాడు. "ఎంతసేపు కూసుంటవు సారూ?"

"అంటే?"

"అరగంటకైతె సగం తిప్పు. గంటకైతె ముప్పావు."

సోమయాజులుగారు చేతి గడియారం చూసుకున్నారు. తర్వాత దాన్ని విప్పి జేబులో వేసుకున్నారు.

"ముప్పావు," అన్నారు.

అమృతమ్మ కుక్కను అదిలించి మూడో బల్ల తుడిచింది.