కుంటే దుడ్డె కావలెను

పోలీసు చెక్‌పోస్టు లేకపోతే ఈ జిల్లాలో పశువైద్య విద్య ఏనాడో అడుగంటిపోయేది! నవ్వకండి. ప్రతి బుధవారం సాయంత్రం గుమ్మంలో నిలబడి, కాళ్లు పీకేదాకా ఎదురుచూసి సంపాదించిన జ్ఞానం ఇది.

మా అమ్మాయి గిరిజ జగిత్యాలలో, యూనివర్సిటీ వాళ్ల పశువైద్య విభాగంలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. చేర్పించిన రోజు అక్కడి పెద్దసారు చంద్రమౌళి గారు, "మా దగ్గర మూడు పనులమ్మా. పాఠం, పరిశోధన, పేషెంట్ల సేవ" అన్నారు. ఆ మూడూ నాలుగు గోడల మధ్యే జరుగుతాయనుకుని నేను సంతకం పెట్టాను. బుధవారం బుధవారం జీపెక్కి బీర్పూర్ వైపు అడవి పల్లెలకు పోతాయని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటి నుంచి కోరుట్లలో మా వీధిలో ఏ సైకిల్ ట్యూబు పేలినా నా చేతిలో గిన్నె కింద పడుతుంది.

మొదటి బుధవారమే జీపును ఆపారు. సంచీ విప్పారు. దూది, టింక్చర్, సూదులు, కుట్లు వేసే దారం, చుట్టలు చుట్టలు కట్టుగుడ్డ! అంత సరుకు చూస్తే నాకే అనుమానం వస్తుంది, తుపాకీ పట్టుకున్నవాళ్లకు రాదా?

"గిన్ని కట్లు ఎవరికి? అడివిలున్నోళ్లకా?" అన్నాడట హెడ్ కానిస్టేబుల్ రాజలింగం.

"బర్లకు సార్" అంది గిరిజ.

"ఏ బర్రె? దానిదే ఊరు? యాడున్నది, సూపియ్యి."

"అది దాని ఊర్లనే ఉంటది సార్. నడవలేకనే పండుకున్నది. అందుకే మేం పోతున్నం."

"గదంత నాకెందుకు? పేషెంటును తెచ్చి సూపియ్యి, మందులు తీస్కపో!"

ఎంత లోతైన ఆలోచన! ఇన్నేళ్ల పశువైద్యంలో ఏ ప్రొఫెసరుకైనా తట్టిందా? పిల్లలు మూడు గంటలు ఎండలో కూర్చుని ఆ మాటను మననం చేసుకున్నారు. అవతల ఊళ్లో ఈనలేక తిప్పలు పడుతున్న ఆవు మధ్యాహ్నం దాకా చూసి చూసి, డాక్టర్లకు శ్రమ ఇవ్వకుండా కన్నుమూసింది. గిరిజ ఆ రోజు అన్నం ముట్టలేదు.

మరుసటి వారం సారుకు ఉపాయం తోచింది. బీర్పూర్ గౌరవ్వ దుడ్డె, అంటే బర్రెదూడ, కాలు విరిగి విభాగంలోనే వైద్యం చేయించుకుంటోంది. కట్టుతో సహా దాన్ని జీపులో ఎక్కించారు. రాజలింగం కట్టు చూశాడు. దుడ్డె కళ్లలోకి చూశాడు. "పోనియ్యి" అన్నాడు. రెండే నిమిషాలు! ఏడుగురు పిల్లల గుర్తింపు కార్డులు, పెద్దసారు సంతకం, యూనివర్సిటీ ముద్ర కలిసి చేయలేని పనిని ఒక మూగజీవి మూడు కాళ్ల మీద నిలబడి చేసేసింది.

అప్పటి నుంచి చదువులో ఎంత అభివృద్ధి! దారి సుగమమయ్యాక రాజలింగం తీరిగ్గా సీసాలు ఎత్తి చూపించి అడిగేవాడట: "గిది దేనికి? ఎంత ఎక్కిస్తరు? ఎక్కువైతే సస్తదా?" గిరిజకు మందుల మోతాదులన్నీ నోటికి వచ్చేశాయి. పరీక్షకు వచ్చిన ఎగ్జామినరును చూస్తే భయమే వేయలేదట. ఆయన చేతిలో లాఠీ లేదు కదా!

ఇక పరిశోధన సంగతి. నలభై రోజులకు దుడ్డె కాలు అతుక్కుంది. కానీ బుధవారం పొద్దున మాత్రం మంచి కాలికే కట్టు కట్టి జీపెక్కించేవారు. కొన్ని వారాలకు దానికీ అలవాటైపోయింది. ఖాకీ బట్ట కనబడితే చాలు, ఎవరూ చెప్పకుండానే కుంటడం మొదలుపెట్టింది! సారు నోటుబుక్కులో రాసుకున్నారు.

చెక్‌పోస్టు దాటాక అడవి దారిలో రెండో పరీక్ష. అక్కడ ఆపేవాళ్లకు ఖాకీ ఉండదు, తుపాకీ ఉంటుంది. "పోలీసోళ్లు ఏమడిగిన్రు చెల్లె? నువ్వేం చెప్పినవ్?" అంటారు. మళ్లీ దుడ్డెనే చూపించాలి. ఒకసారి వాళ్లలో ఒకడు గొంతు తగ్గించి, "మా అవ్వకు ఒక్క బర్రె ఉన్నది చెల్లె. పొదుగు గట్టివడ్డదట. ఏం జెయ్యాలె?" అన్నాడట. తిరుగు ప్రయాణంలో రాజలింగం కూడా అదే! ఎల్లారెడ్డిపేటలో వాళ్లమ్మ బర్రెకు పొదుగు వాపట. గిరిజ ఇద్దరికీ ఒకే వైద్యం చెప్పింది.

"కాగితం మీద రాసియ్యలేదు గద బిడ్డా?" అన్నాను నేను. ఏ చీటీ ఎవరి జేబులో దొరుకుతుందో!

"నోటితోనే చెప్పిన అమ్మా. నువ్వు గా గిన్నె కింద పెట్టు."

ఇంత సవ్యంగా సాగుతున్న విద్యకు పోయిన వారం విఘ్నం వచ్చింది. గౌరవ్వ తాడు పట్టుకుని వచ్చేసింది.

"నా దుడ్డె మంచిగైంది సారూ, ఇంక మీ ఎమ్మట ఎందుకు?"

"ఒక్క నెల ఉండనియ్యి గౌరవ్వా."

"ఎందుకుండాలె? గటు తుపాకులు, గిటు తుపాకులు. నడుమ నా దుడ్డెను తిప్పుతరా? ఏమన్నయితే ఎవరు జిమ్మేదారు?"

గౌరవ్వ తాడు కట్టి, దుడ్డెను ఇంటికి తోలుకుపోయింది. నేనూ అలాగే ఒక తాడు తీసుకుని జగిత్యాల బస్సు ఎక్కుదామనుకున్నాను. మా గిరిజ వస్తుందా?

ఇప్పుడు విభాగంలో జబ్బు చేసిన దుడ్డె ఒక్కటీ లేదు. అన్నీ నయమై వెళ్లిపోయాయని సారు మురిసిపోతున్నారు. ఇంటి దగ్గర నా గుబులు ఆయనకేం తెలుసు? నేను సోమవారం నుంచి పోచమ్మకు దండం పెడుతున్నాను: "పెద్ద రోగం వద్దు తల్లీ, ఎక్కడో ఒక దుడ్డెకు చిన్న కుంటు ఇయ్యి!"

గిరిజ వినేసింది. "నేను నయం జేసే చదువు చదువుతున్న. నువ్వు రోగం రావాలని మొక్కుతున్నవా అమ్మా?"

"నీ మాట ఎవలన్న నమ్మిన నాడు ఈ మొక్కు బందు వెడ్త" అన్నాను.

కాబట్టి పాఠకులారా, మీ ఇంట్లో కాస్త కుంటే దుడ్డె ఉంటే, బుధవారం పొద్దున ఎనిమిదింటికల్లా పంపించండి. మేత మేమే పెడతాం. సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేరుస్తామని మాట కూడా ఇద్దామనుకున్నాను.

ఆ మాట నాకే ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.