దొంగ చలివిడి కేసు

“నేరస్థుడు గాలిలో కలిసిపోయినా సరే, ఆ గాలి ఎటు వీచిందో చెప్పగలిగిన మేధావి ఈ ఆంధ్రదేశంలో ఒకే ఒక్కడున్నాడు” అని నరసింగరావు గోగునార మోపుల మీద నిలబడి ప్రకటించాడు. ఆ ఒక్కడూ ఎవరని కొట్టులో ఎవరూ అడగలేదు. అడిగితే సాయంత్రం దాకా చెబుతాడని చీపురుపల్లి బజారు మొత్తానికి తెలుసు.

నరసింగరావు పొట్టకూటికి గోగునార కొట్టులో గుమాస్తా, తన లెక్కలో మాత్రం డిటెక్టివ్. అద్దె పుస్తకాల బడ్డీలోని అపరాధ పరిశోధన నవలలన్నీ నమిలి మింగేశాడు. చివరి పేజీలు చిరిగిపోయిన వాటికి హంతకుణ్ణి తనే ఖాయం చేశాడు. సంతలో కొన్న గుండీలు లేని నల్లకోటు, తాతగారి భూతద్దం ఆయన సరంజామా. రోహిణీకార్తెలో కూడా ఆ కోటు విప్పడు. అప్పటికి ఆయన ఛేదించిన పెద్ద కేసు కొట్టు తాళంచెవి మాయం కావడం. కూలీలందర్నీ నిలదీసి, ఒకణ్ణి ఏడిపించి, తీరా స్నానానికి పంచె విప్పితే తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతూ కనిపించింది. దుర్మార్గుడు ఎక్కడ దాచాడో చూశారా అన్నాడే తప్ప సిగ్గుపడలేదు.

అలాంటి మనిషి దగ్గరికి అప్పలసూరి తనంతట తాను వెళ్లాడంటే అతని ప్రాణం ఎంత కొట్టుకుపోతోందో ఊహించుకోవచ్చు. అప్పలసూరి ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. నరసింగరావు స్వయానా అతని అక్క మొగుడు.

“బావా, పద్మ రోజూ పొద్దున్నే కక్కుకుంటన్నాది” అన్నాడు అప్పలసూరి పెళ్లాం గురించి. “అమ్మనడిగితే పైత్యమంటాది. పద్మనడిగితే ఏటీ నేదంటాది. ఆస్పత్రికి తీసుకెళ్తానంటే ఇద్దరూ ఒద్దంటన్నారు. నాకు బయ్యంగున్నాది.”

“సాయంత్రం పూటో?”

“సాయంత్రానికి కొంచెం తేరుకుంటాది. మళ్లీ తెల్లారితే అదే వరస.”

నరసింగరావు కళ్లు మూసుకున్నాడు. నవలల్లో ఇలాంటప్పుడు మూసుకుంటారు. “అయితే ఇది రోగం కాదు సూరీ. రోగానికి టైము తెలీదు. టైము సూసుకుని వచ్చేది మనిషొక్కడే. ఇది విషప్రయోగం.”

మామూలు రోజుల్లో అయితే అప్పలసూరి నవ్వేసి ఊరుకునేవాడు. కానీ భయపడ్డవాడి చెవికి ఏ మాటైనా నిజంలాగే వినిపిస్తుంది. పోయినేడు పద్మకుమారికి నెల తప్పిందని తెలిసిన పూటే అతను బడిలో పిల్లలందరికీ పంచదార చిలకలు పంచిపెట్టాడు. మూడో నెల నిండకుండానే ఆ కడుపు పోయింది. దిష్టి తగిలిందని నూతి దగ్గర ఆడవాళ్లు అనుకున్నారు గానీ ఇంట్లో ఒక్కరూ అతన్ని ఒక్క మాటా అనలేదు. అననందుకే అతనికి ఇంకా బాధ. ఇప్పుడు అసలు పద్మే తనకు దక్కకుండా పోతుందేమోనని భయం పట్టుకుంది. ఇది కూడా వేవిళ్లేమోనన్న ఆలోచన అతనికి రాకపోలేదు. కానీ పోయినేడు ఆమెకు ఒక్క వాంతీ లేదు. పైగా మొన్న మొన్ననే ఎప్పటిలాగే బయటచేరి, ఆ మూడు రోజులూ పెరటి సాలలో చాప మీద కూర్చోవడం తను కళ్లారా చూశాడు. ఇక వేవిళ్ల మాటెక్కడిది?

విచారణ మొదలైంది. భూతద్దం పుచ్చుకుని నరసింగరావు అత్తవారిల్లు చేరాడు. ఆయన గుమ్మమెక్కగానే అప్పలసూరి తల్లి లక్ష్మీనరసమ్మ తలుపు చాటుకు తప్పుకుంది. అత్త అల్లుడి ఎదట పడకూడదని ఆ ఇంటి మర్యాద. ఆయనకేం చెప్పాలన్నా తలుపు వెనక నుంచి, కొడుక్కి చెబుతున్నట్టే చెబుతుంది. “సూరీ, అల్లుడుగారికి మజ్జిగ కావాలేటో అడుగు” అంది లోపలి గొంతు.

“సూసావా” అన్నాడు నరసింగరావు బావమరిది చెవిలో. “నన్ను సూసి దాక్కుంటన్నాది. తప్పు సెయ్యనోళ్లు దాక్కుంటారేటి?”

“పెళ్లయిన కాడి నుంచీ అంతే కద బావా.”

“అంటే పెళ్లయిన కాడి నుంచీ పథకం ఏస్తన్నాదన్న మాట.”

ఆ తర్వాత ఆధారాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. ఇంట్లో పోపు వెయ్యడం మానేశారు. వంట పెరట్లోకి మారిపోయింది. అప్పలసూరి బడి సంచిలో బలపాలు నిలవడం లేదు, ఎన్ని తెచ్చినా తెల్లారేసరికి మాయం. వీటన్నిటి కన్నా భయంకరమైన సంగతి ఇంకొకటుంది. రోజూ పొద్దున్నే లక్ష్మీనరసమ్మ కొంగుచాటున చిన్న గిన్నెలో నల్లటి కషాయం పట్టుకెళ్లి కోడలి చేత తాగిస్తోంది. ఎవరైనా వస్తే గిన్నె దాచేస్తోంది. బలపాలు నూరి అందులో కలుపుతున్నారని, వాసన పసిగట్టకుండా ఉండేందుకే వంట పెరట్లో చేస్తున్నారని డిటెక్టివ్ గారు తేల్చేశారు. కషాయం అడుగున మిగిలిన చుక్కలు దొంగిలించి శాస్త్రీయ పరీక్ష కోసం పక్కింటి పుంజు చేత తాగించాడు. పుంజు ఆయన కోటు చెంగు పట్టుకుని వీధి చివరి దాకా తరిమింది. విషం బుర్రకెక్కిన లక్షణమని రాసుకున్నాడు.

“నా అమ్మ అలాటిది కాదు బావా” అన్నాడు అప్పలసూరి.

“ఏ హంతకుడి కొడుకైనా అదే మాటంటాడు” అన్నాడు నరసింగరావు జాలిగా.

ఆ పూట అమ్మ వడ్డిస్తే అప్పలసూరికి ముద్ద దిగలేదు. పిల్లాడు చిక్కిపోతున్నాడని ఆవిడ ఇంకాస్త నెయ్యి వేసింది. ఆ నెయ్యి చూస్తే అతనికి ఏడుపొచ్చింది. ఒక పక్క కన్నతల్లి, ఒక పక్క కట్టుకున్న పెళ్లాం. ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తెలియక కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు కోడి కూసే వేళకి ఇద్దరూ వంటింట్లో మాటు వేశారు. అప్పలసూరి గాదె వెనక, నరసింగరావు అటక మీద. పాత జాడీల మధ్య నల్లకోటుతో ఆయన ముడుచుకుని కూర్చుంటే అటక కర్రలు కిర్రుమన్నాయి. నేరస్థుల గుండెలు కూడా ఇలాగే కిర్రుమంటాయని పై నుంచి అభయమిచ్చాడు.

తూరుపు తెల్లబడుతుండగా పెరటి తలుపు మెల్లగా తెరుచుకుంది. నెత్తిన ముసుగు వేసుకున్న ఆడమనిషి ఒకర్తె లోపలికొచ్చింది. కొంగు కింద మూట. లక్ష్మీనరసమ్మ ఎదురెళ్లి, ఎవరూ చూడలేదు కదా అని అడిగింది. లేదంది ఆ మనిషి. పద్మకుమారిని తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టారు. ముసుగు మనిషి వంగి ఆ మూట ఆమె ఒళ్లో పెట్టబోయింది.

“కదలకండి” అంటూ నరసింగరావు అటక మీద లేచి నిలబడ్డాడు. అటక ఎత్తు ఆయన ఎత్తులో సగం. తల దూలానికి కొట్టుకుని, కాలు జాడీ మీద పడి, జాడీతో పాటు నేరుగా కింద తవుడు బుట్టలోకి దిగాడు. తవుడు మేఘంలా లేచింది. అందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మూట లాక్కుంది. లాక్కోవడంలో మూట విడిపోయింది.

“దొరికిపోయారు” అన్నాడు తవుడు మనిషి తుమ్ముతూ. మూటలోని తెల్లటి ముద్దను భూతద్దంతో చూశాడు. “సూరీ, ఇది గసగసాల గింజ. గసగసాలు ఏ మొక్కవిరా? నల్లమందు మొక్కవి. నల్లమందు పెట్టి సంపుతున్నారు. ఇదిగో, వాసన తెలీకుండా పచ్చకర్పూరం కూడా కలిపారు.” రుచి చూడ్డం డిటెక్టివ్ ధర్మం గనక ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. మరింత రూఢి చేసుకోవడానికి ఇంకో ముక్క వేసుకున్నాడు.

అప్పలసూరి ఆయన మాట వినడం లేదు. విడిపోయిన మూటలోంచి పసుపుకొమ్ములు, ఆకుపచ్చ గాజులు, రవికెల గుడ్డ జారి పద్మకుమారి కాళ్ల దగ్గర పడ్డాయి. తెల్లటి ముద్ద చలివిడి. చిన్నప్పుడు అక్కకి కడుపొస్తే, మూడో నెల్లో అమ్మ ఇలాగే ఎవరికీ తెలియకుండా కొంగుచాటున చలివిడి పట్టుకెళ్లడం అతనికి ఒక్కసారి గుర్తొచ్చింది. దొంగ చలివిడి. కూతురి కడుపు చల్లగా ఉండాలని కన్నతల్లి మూడో కంటికి తెలియకుండా ఒళ్లో పెట్టే చలివిడి.

ముసుగు తీసిన మనిషి బొబ్బిలి నుంచి వచ్చిన పద్మకుమారి తల్లి జగ్గమ్మ.

“పద్మా” అన్నాడు అప్పలసూరి. పద్మకుమారి తల వంచుకుని అవునంది.

నరసింగరావు ఇంకా నేరం రుజువు చేస్తూనే ఉన్నాడు. ఈ ముసుగు మనిషి ఊళ్లో ఏ పాపిష్టి గుహలో తలదాచుకుందో చెప్పాలని గద్దించాడు.

“నిన్న సాయంత్రం వచ్చి మీ ఇంట్లోనే దిగాను బాబూ” అంది జగ్గమ్మ. “మీ ఆవిడే వంటింట్లో పక్కేసింది. మీరు అరుగు మీద అద్దం తుడుసుకుంటన్నారు.”

అప్పుడు జరిగింది అసలు వింత. అల్లుడు ఊడిపడగానే తలుపు చాటుకు తప్పుకున్న లక్ష్మీనరసమ్మ గడప దాటి, అల్లుడి ఎదటికొచ్చి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. నరసింగరావు నోట్లో చలివిడి నోట్లోనే ఉండిపోయింది.

“ఇయి వేవిళ్లు నాయనా” అందావిడ. “నెల తప్పిన పది పదిహేను రోజులకి మొదలవుతాయి. పొద్దున్న పరగడుపున ఎక్కువ. కొందరికి రోజల్లా ఉంటాయి, కొందరికి అసలుండవు. ఓ కడుపుకి ఉన్నట్టు ఇంకో కడుపుకి ఉండవు. పోపు వాసన పడదు, బలపాలు తినబుద్దేస్తాది. నాను ఇచ్చింది అల్లం కషాయం. మంచం దిగకముందు గుప్పెడు పేలాలు పెడతన్నాను. నాలుగో నెల పడితే సర్దుకుంటాది. తాగిన నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే మీకన్నా ముందు నానే ఆస్పత్రికి తోలుకెళ్దును.”

“మరి బయటచేరింది కద” అన్నాడు అప్పలసూరి.

“నానే కూకోబెట్టాను. నూతి కాడోళ్లకి తెలీకూడదని. నీకూ తెలీకూడదని. నీకు సెప్తే బడికి సెప్పినట్టే కద.”

ఇంత పకడ్బందీ పథకం తను చదివిన ఏ నవల్లోనూ లేదని నరసింగరావు తవుడు బుట్టలోంచే మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

అప్పలసూరికి మాత్రం ఆ మాట గుచ్చుకుంది. తను అంత పరాయివాడైపోయాడా అని పెళ్లాం వైపు చూశాడు. పద్మకుమారి నెమ్మదిగా చెప్పింది. “పోయినేడు బడి వదిలేశాక ఒక్కరూ పెరట్లో కూకొని ఏడిసేవోరు. నాను కిటికీలోంచి సూసాను. మళ్లీ అలాటిదైతే మీరు తట్టుకోలేరని నానే సెప్పొద్దన్నాను.”

అప్పలసూరి గాదెకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. తల్లి దగ్గరికొచ్చి అతని తల నిమిరింది. నిన్న ఆవిడ నెయ్యిని అనుమానించినందుకు ఆ పాదాలు పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాడు. ఏటిరా ఇది అని ఆవిడ నవ్వింది.

“ఇంకా మూడో నెల నిండనేదు” అని లక్ష్మీనరసమ్మ అల్లుడి వైపు తిరిగింది. “ఈ మాట బయటికి పోకూడదు. అల్లుడుగారు మాటిస్తారేటి?”

నరసింగరావు మాటిచ్చాడు. ఇచ్చాక గానీ గుర్తురాలేదు, భీకర హత్యాయత్నం రేపు బట్టబయలు చేస్తానని నిన్ననే బజారంతా చాటానని.

కొట్టుకెళ్లేసరికి అందరూ పని మానేసి కూర్చున్నారు. అప్పలసూరికి అనుమానమొచ్చి వెనకాలే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బావ కడుపులో ఇంతవరకు ఏ మాటా ఒక్క పూట కూడా నిలవలేదు. కాటా తూచే నూకయ్య మొదలెట్టాడు. “హత్య కేసు ఏటయినాది బాబూ? హంతకుడెవరు?”

నరసింగరావు మోపుల మీదెక్కాడు. ఛాతీ విరిచాడు. నోరు తెరిచాడు. గుమ్మంలో బావమరిదిని చూశాడు. నోరు మూశాడు.

“తేలనేదు నూకయ్యా” అన్నాడు చివరికి. “ఓడిపోయాను.”

కొట్టంతా గొల్లున నవ్వింది. జుట్టులో మిగిలిన తవుడు చూసి తవుడు డిటెక్టివ్ అని పేరు పెట్టారు. ఆ పేరు బజారులో టీ బడ్డీ దాకా పాకింది. నరసింగరావు నవ్వి ఊరుకున్నాడు. అప్పలసూరి బావను అలా చూడ్డం అదే మొదలు.

నాలుగో నెల వచ్చింది. పద్మకుమారి పోపు వాసనకి మొహం తిప్పుకోవడం మానేసింది. ఒక సాయంత్రం లక్ష్మీనరసమ్మ పళ్లెం నిండా బెల్లం, కొబ్బరి పెట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని గోగునార కొట్టుకొచ్చింది. లోపలికి రాకుండా తలుపు చాటునే ఆగిపోయింది.

“సూరీ” అంది అందరికీ వినబడేలా. “ఈ కొట్టోళ్లకి సెప్పు. మా పద్మకి నాలుగో నెల. ఈ సంగతి మీ మగోళ్లందరికన్నా ముందు పట్టుకున్నోడు మా అల్లుడు. పట్టుకుని కూడా, మీరు నవ్వుతుంటే నోరు మూసుకున్నోడు.”

నూకయ్య చేతిలోని తూకపు గుండు కాటాలో పెట్టడం మర్చిపోయాడు. అందరూ తలెత్తి మోపుల మీదికి చూశారు, ఇప్పుడు సాయంత్రం దాకా ఉపన్యాసం తప్పదని. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. అత్తగారి గొంతు వచ్చిన తలుపు వైపు చూశాడు. గుండీలు లేని ఆ కోటుకి చాలాసేపు గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు.