తెడ్డు పోయిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే ఐలేశం గొర్లమందను పక్కింటివాళ్లకు అప్పగించి, గాలం భుజాన వేసుకుని వాగుకు బయలుదేరాడు. మధ్యాహ్నానికి బామ్మర్ది బీరన్న అవతలి ఊరి నుంచి బండి కట్టుకుని వాగు దాటి వస్తున్నాడు. పోయినసారి వచ్చినప్పుడు "మా బావ ఇంట్ల గొర్రె కూర తప్ప ఇంకోటి ఉడకదు" అని పదిమందిలో అని పోయాడు. ఆ మాట ఐలేశానికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి చేపల పులుసు పెట్టాలి.

ఐలేశానికి ఈత రాదు. తట్టలాంటి పుట్టి పడవ ఎక్కిందీ లేదు. ఊళ్లో ఉన్న ఒక్క పుట్టి ఇస్రాయేలుది. చేపలు పట్టి కొల్లాపూర్ సంతలో అమ్మేవాడు. ఆవేళ ఉతికిన బట్టలు కట్టుకుని ప్రార్థనకు పోతుంటే ఐలేశం దారిలో ఆపి పుట్టి అడిగాడు.

"పుట్టి నడపొస్తదా అన్నా?"

"రోజూ సూస్తున్న గదా. తెడ్డుతోని నీళ్లు కొడ్తె ముంగటికి పోతది."

"జర నెమ్మదిగ కొట్టు. పుట్టి గుండ్రంగుంటది. దానికి ముందూ లేదు, ఎనకా లేదు" అని చెప్పి ఇస్రాయేలు పోయాడు.

ఆ మాట ఎంత నిజమో నడిమడుగులోకి వెళ్లాక తెలిసింది. ఐలేశం తెడ్డు వేశాడు, పుట్టి తిరిగింది. గట్టిగా వేశాడు, గట్టిగా తిరిగింది. గుట్ట, తుంగ, ఒడ్డున బట్టలు ఉతుకుతున్న రామమ్మ, మళ్లీ గుట్ట, ఒకదాని వెనక ఒకటి కళ్లముందు నుంచి పోతున్నాయి. పడిపోతానని తెడ్డు వదిలి రెండు చేతులా పుట్టి అంచు పట్టుకున్నాడు. తెడ్డు నీళ్లలోకి జారి కొట్టుకుపోయింది.

"రామమ్మా, తెడ్డు పోయింది" అని అరిచాడు.

బండకేసి బట్ట బాదుతున్న రామమ్మకు 'ఎద్దు పోయింది' అని వినబడింది. ఉన్న బట్ట ఉన్నట్టే వదిలి, పక్క మడిలో ఉన్న మల్లప్ప దగ్గరికి పరుగెత్తింది. మల్లప్ప మోకులు పట్టుకుని నలుగురితో వచ్చేసరికి పుట్టి నీటివాలుకు వంపు దాటిపోయింది. ఐలేశం ఎద్దును వెతుక్కుంటూ కిందికి పోయి ఉంటాడనుకుని వాళ్లు మడుగులో దూకారు.

కబురు ఐలేశం పెళ్లాం సుక్కమ్మకు చేరింది. ఆమె కొట్టంలోకి తొంగిచూసి, "మా ఎడ్లు ఈడ్నే నెమరేస్తున్నయి. గది ఎవలి ఎద్దో" అంది. ఆ మాట నోట్లో ఉండగానే తమ్ముడి బండి గుర్తొచ్చింది. చేతిలో చేట జారిపోయింది. "బీరప్ప దేవుడా, నా తమ్ముడు బతికొస్తే నీకు పొట్టేలు కోస్త" అని మొక్కుకుంటూ వాగుకు ఉరికింది. ఆమె చేరేలోపే ఆ మాట మడుగు దగ్గరికి చేరింది. ఎద్దు కాస్తా బండి అయ్యింది, బండితోపాటు మనిషీ మునిగాడు.

ఇక బీరన్న. ఒక ఎద్దు కుంటుతోందని బండి ఇంట్లోనే వదిలేసి, ఎగువన కాలిబాట మీదుగా వాగు దాటి నడిచి వచ్చాడు. మడుగు దగ్గర గుంపు చూసి, అప్పుడే నీళ్లలోంచి తల ఎత్తిన మల్లప్పను అడిగాడు.

"ఎవరు పోయిండ్రు?"

"ఎవలో బండాయనంట. ఈత వస్తె దుంకు, ఊకె నిలవడకు."

బీరన్న మంచి ఈతగాడు. తలపాగా విప్పి దూకాడు. బురదంతా దేవులాడి పైకి వచ్చేసరికి ఒడ్డున అక్క గుండెలు బాదుకుంటోంది. పోయింది ఎవరో అతనికి అప్పుడు అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడ్వకక్కా. బావను నేను తీస్త."

సుక్కమ్మ ఏడుపు ఆపింది. "బావను తీసుడేంది? పోయింది నువ్వు గదా."

"నేనా?"

మల్లప్ప ఈదుకుంటూ దగ్గరికి వచ్చి బీరన్న మొఖం పరీక్షగా చూశాడు. "మనం ఎతుకుతున్నది నిన్నేనా ఏంది?"

సుక్కమ్మ నడుము లోతుకు దిగి తమ్ముణ్ణి కావలించుకుంది. అందరూ అతణ్ణి ముందు పెట్టుకుని ఊళ్లోకి తీసుకుపోయారు. మొక్కిన మొక్కు ఆలస్యం చేయకూడదని పొట్టేలు తెగింది.

వంపు కింద తుంగలో చిక్కిన పుట్టిలో ఐలేశం మాటలు తెలియకుండా ఆ ఏడుపులు మాత్రమే విన్నాడు. సుక్కమ్మ శోకాలు తన కోసమే అనుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు తనమీద ఇంత ప్రేమ ఉందని తెలియదు. ఇంకొంచెం విందామని పిలవకుండా ఆగాడు. తర్వాత అంతా సద్దుమణిగింది. ఆశ వదులుకుని ఇళ్లకు పోయారు కాబోలని, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలాక పుట్టిని వెతుక్కుంటూ ఇస్రాయేలు వచ్చాడు. ధోతి పైకి చెక్కి నీళ్లలో నడుచుకుంటూ దగ్గరికి చేరాడు.

"దిగన్నా. ఈడ మోకాలు లోతే ఉంది."

ఐలేశం నీళ్లలో ఒక కాలు పెట్టి చూశాడు. తర్వాత మెల్లగా దిగాడు. "సుక్కి ఇంకా ఏడుస్తున్నదా?"

"ఏమోనన్నా. మీ ఇంటికాడ పండుగ లెక్కుంది."

తడిబట్టలతో గడపలో అడుగుపెట్టిన మొగుణ్ణి సుక్కమ్మ ఎగాదిగా చూసింది.

"పొద్దటిసంది ఏడవోయినవు? ఈడ నా తమ్ముడు సచ్చి బతికిండు. నీకేమన్న ఫికరున్నదా?"

ఐలేశం చేతులు కడుక్కుని కూర్చున్నాడు. పొట్టేలు కూర గిన్నెలో ఎముకలే మిగిలాయి.