మ్యూజియంలో తునికాకు

ఆ మే నెల శనివారం మొహసిన్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా మ్యూజియం తలుపు తీసి, ఫ్లాస్కులో చాయ్ పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం దాకా కొత్త కళాఖండం ముందు కూర్చోవాలి. అంతే.

ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉంది ఆ మ్యూజియం. రెండు డోళ్లు, నాలుగు విల్లంబులు, చేపలు పట్టే బుట్ట ఒకటి, వెనక చల్లటి పెద్ద హాలు. దానికి గుమాస్తా, గైడు, కాపలాదారు అన్నీ మొహసినే. బొమ్మలంటే అతనికి పిచ్చేమీ లేదు, ఇష్టం. మబ్బుల్ని చూసినట్టు చూసేవాడు, అర్థం అడిగేవాడు కాదు. ఒకసారి హైదరాబాద్ మ్యూజియంలో జనమంతా గడియారం గంట కొట్టే చోట మూగితే, తను ఖాళీ గదుల్లో ఏదో ఒక నీలం మరక ముందు కూర్చుని హాయిగా కునుకు తీసి వచ్చాడు. ఆధునిక చిత్రకారుల మీద అతనికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే, బొమ్మ చిన్నగానూ కింద రాత పెద్దగానూ ఉంటాయని.

ఈసారి మాత్రం మనసులో దిగులుంది. నెలాఖరుకల్లా సందర్శకుల రిజిస్టరులో ముప్పై పేర్లయినా లేకపోతే హాలును ఎరువుల గోదాము చేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఉన్నవి మూడు పేర్లు, అందులో ఒకటి తనదే. అందుకే హైదరాబాద్‌లో ఉండే చందూలాల్ అనే ఆర్టిస్టును బతిమాలి పిలిపించాడు. ఆయన బీడీలు చుట్టే తునికాకు కట్టలు వెయ్యి తెప్పించి, రెండు రోజులు హాలంతా చిందరవందరగా విసిరి, దానికి 'అడవి కల' అని పేరు పెట్టాడు. "ఒక్క కట్ట కదిలినా కల చెదిరిపోతది" అని మొహసిన్‌కు అప్పగించి, భద్రాచలం లాడ్జికి వెళ్లిపోయాడు.

మొహసిన్ తలుపు తీసేసరికి కల వరుసల్లో ఉంది. కట్టలన్నీ గీత గీసినట్టు బారులు తీరి, వెల్లకిలా తిరిగి ఉన్నాయి. మధ్యలో, రెండో తాళంచెవి ఉన్న, హాలు ఊడ్చే భీమక్క నడుం పట్టుకుని నిలబడింది.

"ఏంది భీమక్కా గిది?"

"మూడు రోజులాయె సారూ, ఎవ్వరూ తిరగెయ్యలే. బూజు పట్టదా? పొద్దుగాల్నే వచ్చి సాపు జేసిన."

ముప్పై వేసవులు ఆకు కోసిన మనిషి. తునికాకు అలా చెల్లాచెదురుగా పడి ఉంటే ఆమెకు అన్నం సయించదు.  కిటికీ ఎండలో ఆ బారులు కూడా మొహసిన్‌కు బాగానే అనిపించాయి. కుర్చీ వేసుకుని కాసేపు చూసి, తర్వాత చెదరగొడదామనుకున్నాడు. పచ్చి ఆకు వాసన, బయట ఎక్కడో కోయిల. కళ్లు మూతపడ్డాయి.

తెరిచేసరికి వాకిట్లో జనం. నలభై మంది ఆడవాళ్లు, నెత్తిన మూటలు. మొహసిన్ గుండె పొంగిపోయింది. కళ కోసం అడవి కదిలొచ్చిందనుకుని పరుగున వెళ్లి రిజిస్టరు తెచ్చాడు. అందరూ వేలిముద్ర వేసి లోపలికి వచ్చారు. వచ్చి, మూటలు విప్పి, తమ ఆకు కట్టలు ఆ బారుల పక్కనే పేర్చడం మొదలుపెట్టారు.

"అమ్మా, గివి ఎందుకు?" అన్నాడు మొహసిన్ నీరసంగా.

"కొత్త కల్లం పెట్టినవు గద సారూ" అంది ముందున్న యశోద. "కిటికీల కెల్లి చూసినం. ఆ హాతీరాం చిరిగిన ఆకని సగం వాపస్ చేస్తుండు. నువ్వు తీస్కో."

సర్కారు తరఫున బీడీల కోసం ఆకు కొనే కల్లానికి హాతీరాం పెద్ద. తన కల్లం బోసిపోవడం చూసి ట్రాక్టరేసుకుని అతనూ వచ్చాడు.

"ఎవడు పెట్టిండు పోటీ కల్లం?"

"కల్లం కాదన్నా, ఆర్టు" అన్నాడు మొహసిన్.

"ఆర్టో గీర్టో, మా ఆకు మాకు పడాలె. ఇయాల ఒక్క కట్ట వాపస్ చెయ్య, మొత్తం ఎక్కిస్త. నీవేవో చూపియ్, పక్కన పెడ్త."

మొహసిన్ చూశాడు. రెండు రోజులు కన్నార్పకుండా చూసిన కళాఖండం, ఏ కట్ట దానిదో ఏ కట్ట యశోదదో తేల్చలేకపోయాడు. లెక్కకు వెయ్యి తీసి పెట్టుకోవచ్చు. కానీ అందులో ఈ ఆడవాళ్లు ఎండలో కోసుకొచ్చినవి పడితే వాళ్ల లెక్క తగ్గదా? ఇవాళ తప్పితే మళ్లీ వాపసే. నలభై జతల కళ్లు అతని మీదే ఉన్నాయి.

"అన్నీ తీస్కపో అన్నా" అన్నాడు. 

హాతీరాం మొదటి వెయ్యికి మ్యూజియం పేరున చీటీ రాసి, స్టాంపు గుద్ది ఇచ్చాడు. హాలు ఖాళీ అయింది. రిజిస్టరు నిండింది. అయినా మొహసిన్‌కు చాయ్ గొంతు దిగలేదు. చందూలాల్ ఒక్క ఫిర్యాదు రాస్తే చాలు, ఎరువుల బస్తాలు దిగుతాయి.

సాయంత్రం చందూలాల్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నా కల ఏది?"

"కొనుక్కపోయిండ్రు సార్." మొహసిన్ చీటీ చాపాడు.

చందూలాల్ నేల మీదే కూర్చున్నాడు. "ఇరవై ఏండ్లాయె, నాది ఒక్కటి గూడ ఎవ్వరూ కొనలే. ఎవరు కొన్నరు?"

"సర్కారు."

"నచ్చిందంటనా?"

"రాసిండ్రు గద సార్, చూడుండ్రి."

చీటీ మీద 'మేలురకం' అని ఉంది. చందూలాల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు. మళ్లీ తుడుచుకున్నాడు. వచ్చే ఏడు కూడా ఇక్కడే పెడతానని మొహసిన్ చేతులు పట్టుకుని మాటిచ్చాడు.

ఆ చీటీ ఇప్పుడు హైదరాబాద్‌లో ఆయన ఇంటి ముందు గదిలో అద్దాల ఫ్రేములో ఉంది. కళాఖండాన్ని మాత్రం ఆ వానాకాలంలోనే జనం బీడీలుగా తాగేశారు.